ఆతిథ్య రంగంలో పనిచేసేవారి వైఖరులు: మన పిల్లల కోసం ఒక పరిశీలన

రజబ్ నెల రాగానే మౌలాలి గుట్ట మెట్ల దగ్గర మా బడిలో చదివిన పిల్లలు కొందరు చాయ్ కెటిళ్లు, పేపర్ గ్లాసుల కట్టలు పెట్టుకుని నిలబడతారు. ఉర్సు ఎండల్లో వచ్చిన రోజుల్లో అదే చోట షర్బత్ డ్రమ్ములు ఉండేవి. ఈ కొన్నేళ్లుగా చలికాలంలో వస్తోంది కాబట్టి చాయ్. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారు, ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఎవరు కనిపించినా వీళ్లే ఎదురు వెళ్లి గ్లాసు చేతికిస్తారు. రాత్రి ఒంటిగంట దాకా కాళ్ల మీదే ఉంటారు. ఎవరూ జీతం ఇవ్వరు, ఎవరూ అజమాయిషీ చేయరు.

ఆ పిల్లల్లో ఒకడు ఇంటర్ తర్వాత నగరంలో ఒక పెద్ద హోటల్లో చేరాడు. రెస్టారెంట్ సర్వీసులో పని. మూడు నెలలు తిరగకముందే మానేసి ఇంట్లో కూర్చున్నాడు. 'వీడికి ఒళ్లు వంగదు సార్' అని వాళ్ల నాన్న మా దగ్గరకు వచ్చి బాధపడ్డారు. మాకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. అయిదు రాత్రులు ఊరికే నిలబడి మనుషులకు చాయ్ అందించినవాడికి, జీతం తీసుకుని అదే పని చేయడం ఎందుకు చేతకాలేదు? ఈ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. బి.ఎడ్. చదివే రోజుల్లో 'వైఖరులు' అనే పాఠం పరీక్ష కోసం బట్టీపట్టాం. ఇప్పుడు అవసరం కోసం మళ్లీ తెరిచాం. దానితో పాటు హోటళ్లు, పర్యాటకం, సేవారంగాల్లో పనిచేసేవారి మనసుల మీద పండితులు చేసిన పరిశోధనల్లో మాకు అందినవి చదివాం. మా సొసైటీ సాయంతో చదువుకున్న పిల్లల్లో చాలామంది చేరుతున్నది ఈ రంగంలోనే కాబట్టి, చదివినది ఇక్కడ పంచుకుంటున్నాం.

ముందు మన ఊరి మాట. పర్యాటకం అనే మాట పుట్టకముందే మౌలాలి యాత్రికుల ఊరు. కుతుబ్‌షాహీ దర్బారులోని యాఖూత్ అనే ఆయనకు 1578లో కలలో హజ్రత్ అలీ (ర) దర్శనమైందని, ఆ గుర్తుగా గుట్ట మీద ఆస్థానం వెలిసిందని పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. ఉర్సు గురించి మనలో అభిప్రాయభేదాలు ఉన్నాయి, వాటిని తేల్చడం ఈ వ్యాసం పని కాదు. చరిత్రగా చూస్తే ఒకటి కాదనలేం. నాలుగు వందల ఏళ్లకు పైగా దాదాపు 500 మెట్ల ఈ గుట్టకు ముస్లింలు, హిందువులు కలిసి వస్తున్నారు. వచ్చినవారికి నీళ్లు, నీడ, అన్నం చూసిన ఊరు ఇది. ఆసఫ్‌జాహీల కాలంలో ఉర్సు రోజులకు నగరంలోని అమీర్లు ఇక్కడికి తరలివచ్చి విడిదులు వేసేవారు. గుట్ట కింద సమాధి ఉన్న కవయిత్రి మహ్ లఖా బాయి చందా (1768–1824) కూడా ఈ ఉత్సవాలకు విరివిగా ఖర్చు చేసిన మనిషి. తన తల్లి రాజ్ కున్వర్ బాయి కోసం కట్టించిన తోటలోనే ఆమె కూడా నిద్రిస్తోంది. శిథిలమైపోయిన ఆ కట్టడాన్ని 2010–11 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ నిధి సాయంతో బాగుచేశారు. దేశాలు దాటి వచ్చి దాన్ని చూసేవారు ఉన్నారు. పక్క వీధిలో ఉంటూ దానిలో అడుగుపెట్టని మన పిల్లలు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. వచ్చినవారికి ఆ చరిత్రను ఉర్దూలోనో తెలుగులోనో ఇంగ్లీషులోనో చెప్పగల కుర్రాళ్లు పదిమంది తయారైతే అదీ ఒక ఉపాధే అవుతుందని మా ఆశ.

ఇక పాఠానికి వద్దాం. వైఖరి అంటే ఒక మనిషి గురించి గానీ, పని గురించి గానీ మనలో స్థిరపడిన మొగ్గు. దానికి మూడు పాళ్లు ఉంటాయని మనోవిజ్ఞానం చెబుతుంది. మనం నమ్మేది ఒకటి, మనకు అనిపించేది ఒకటి, మనం చేయబోయేది ఒకటి. 'హోటల్ పని తక్కువ పని' అనుకోవడం నమ్మకం. ప్లేటు పట్టుకుని నిలబడినప్పుడు సిగ్గుగా ఉండటం అనుభూతి. తెలిసినవాళ్లు వస్తే వంటగదిలోకి తప్పుకోవడం నడత. వీటిని కొలవడానికి 1932లో రెన్సిస్ లైకర్ట్ ఒక పద్ధతి ఇచ్చాడు. ఒక వాక్యం ఇచ్చి, పూర్తిగా అంగీకరిస్తాను అన్న చోటు నుంచి అసలు అంగీకరించను అన్న చోటు దాకా అయిదు గడులు పెడతారు. ఇవాళ హోటల్ గదిలో మంచం పక్కన పెట్టే అభిప్రాయ పత్రమూ, సెల్‌ఫోన్లో నొక్కే అయిదు చుక్కలూ ఆ పద్ధతికి మనవళ్లే.

అయితే గడుల్లో టిక్కు పెట్టిన మాటకూ, ఎదుటి మనిషి ముఖం చూసి చేసే పనికీ ఎంత దూరం ఉంటుందో ఆ తర్వాత రెండేళ్లకే ఒకాయన చూపించాడు. ఆ పరిశోధన జరిగింది హోటళ్లలోనే కావడం వల్ల దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. రిచర్డ్ లాపియర్ అనే అమెరికన్ ఆచార్యుడు 1930 తర్వాతి రెండేళ్లలో ఒక చైనా యువకుణ్ణి, అతని భార్యను వెంటబెట్టుకుని ఆ దేశమంతా కారులో తిరిగాడు. అప్పట్లో చైనావారంటే అక్కడ చాలా చిన్నచూపు. దారిలో బస కోసం, భోజనం కోసం మొత్తం 251 చోట్లకు వెళ్లారు. ఎన్నిచోట్ల కాదన్నారనుకుంటున్నారు? ఒక్కచోట. ఆరు నెలలు ఆగి అవే హోటళ్లకు లాపియర్ ఉత్తరాలు రాశాడు, మీ దగ్గరకు చైనావారు వస్తే అతిథులుగా చేర్చుకుంటారా అని. 128 మంది జవాబిచ్చారు. వారిలో నూటికి 90 మందికి పైగా చేర్చుకోం అనే రాశారు. వాళ్లలో చాలామంది అప్పటికే చేర్చుకుని, అన్నం పెట్టి, గది ఇచ్చి, డబ్బు తీసుకున్నవారే!

1934లో అచ్చయిన ఈ వ్యాసాన్ని మనస్తత్వశాస్త్రం ఇప్పటికీ పాఠంగా చెబుతుంది. దాని మీద విమర్శలూ ఉన్నాయి. వాటిలో మాకు నచ్చినది ఇది: ఉత్తరానికి జవాబు రాసినది బహుశా యజమాని, కౌంటర్ దగ్గర తాళంచెవి ఇచ్చినది గుమాస్తా. ఇద్దరి వైఖరులూ ఒకటే కానక్కర్లేదు. ఆ జంట శుభ్రంగా ఉన్నారు, చక్కటి ఇంగ్లీషు మాట్లాడారు, నవ్వుతూ పలకరించారు. ఎదురుగా నిలబడిన మనిషిని కాదనడం కాగితం మీద కాదన్నంత తేలిక కాదు.

మన దేశంలో కథ తిరగబడుతుంది. మన దగ్గర కాగితం మీద అందరూ సమానులే. ఎస్.కె. థోరాట్, పాల్ ఆటవెల్ అనే ఇద్దరు ఆచార్యులు ఒక పరీక్ష చేసి, 2007లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో దాని ఫలితం ప్రకటించారు. ప్రైవేటు కంపెనీలు పత్రికల్లో ఇచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువులు ఒకటే, పేర్లు వేరు. అగ్రకుల హిందూ పేరు, దళిత పేరు, ముస్లిం పేరు. తర్వాతి అంచెకు పిలుపు రావడంలో అగ్రకుల పేరుకున్న అవకాశాన్ని ఒకటి అనుకుంటే దళిత పేరుకు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు మాత్రమే దక్కాయి. కాగితం మీద పేరు చూసి పక్కన పెట్టినవారిలో ఎంతమంది, మనిషి ఎదుట నిలబడితే అదే పని చేసి ఉండేవారు? లాపియర్ చూపిన మాట నిజమైతే కొంత తగ్గి ఉండేది. అందుకే మేము పిల్లలకు చెబుతుంటాం, దరఖాస్తు ఆన్‌లైన్లో పంపి ఊరుకోవద్దు, వీలైన చోటికి మనిషిగా వెళ్లండి, చేతులు కట్టుకుని కాదు, కళ్లలోకి చూసి మాట్లాడండి అని. ఇది అన్యాయానికి మందు కాదు. అన్యాయం ఉండగానే ఇవాళ చేయగలిగిన పని.

ఇప్పుడు ఉద్యోగం దొరికిన తర్వాతి సంగతి. మా కుర్రాణ్ణి కూర్చోబెట్టి అడిగాం. 'పని కష్టం కాదు సార్. నవ్వు కష్టం' అన్నాడు.

అమెరికాలో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లో రాసిన పుస్తకమంతా ఈ మాట మీదే. ఆమె డెల్టా విమాన సంస్థ పరిచారికలను దగ్గరగా గమనించింది. కూలివాడు కండరాన్ని అమ్మినట్టు, గుమాస్తా తెలివిని అమ్మినట్టు, వీళ్లు తమ ముఖాన్నీ మనసునూ అమ్మవలసి వస్తోందని చూసి, దానికి భావోద్వేగ శ్రమ అని పేరు పెట్టింది. శిక్షణలో వాళ్లకు చెప్పేది ఏమిటంటే, విమానాన్ని మీ ఇంటి ముందుగది అనుకోండి, ప్రయాణికుణ్ణి మీ ఇంటికి వచ్చిన చుట్టం అనుకోండి అని. ఈ శ్రమ రెండు రకాలు అంటుంది ఆమె. లోపల మండుతున్నా పైకి పళ్లు చూపించడం పైపై నటన. ఎదుటివాడి ఇబ్బంది ఏమిటో ఊహించుకుని లోపలి భావాన్నే మార్చుకునే ప్రయత్నం లోతైన నటన. తర్వాతి పరిశోధనలు ఎక్కువగా తేల్చింది ఏమిటంటే, మనిషిని పిండేసేది మొదటిది. పైపై నవ్వు రోజంతా మోసినవాడు ఇంటికి వచ్చి అమ్మతో కూడా మాట్లాడలేడు.

ఇక్కడ మాకు హదీసు గుర్తుకొచ్చింది. తోటివారిని చూసి చిరునవ్వు నవ్వడం కూడా సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు. సదఖా అంటే ఇచ్చేవాడు తన ఇష్టంతో ఇచ్చేది. మెట్ల దగ్గర మావాడు ఇచ్చిన నవ్వు అలాంటిది. హోటల్లో అదే నవ్వు డ్యూటీ రిజిస్టర్లోకి ఎక్కింది. తక్కువైతే మెమో ఇస్తారు. ఇచ్చేవాడి చేతిలోంచి అది జారిపోయి వసూలు చేసేవాడి చేతిలో పడింది. అయితే, జీతానికి నవ్వితే పుణ్యం పోతుందా అని మా కుర్రాడే ఎదురు ప్రశ్న వేశాడు. పోదనే మా అభిప్రాయం. వైద్యుడు ఫీజు తీసుకున్నా రోగి బాధను తన బాధగా తలిస్తే అది ఖిద్మతే కదా. లోతైన నటన అని ఆమె అన్నదాన్ని మన పెద్దలు నియ్యత్ అన్నారని మేము అనుకుంటాం. కాకపోతే నియ్యత్ నిలబడాలంటే పనిచేసేవాడికి కొంత గౌరవం, కొంత ఊపిరి కావాలి. ఆ రెండూ హోటల్ యజమాని చేతిలో ఉంటాయి.

మావాడు చెప్పిన రెండో కష్టం వంటగదితో. ఆర్డర్ ఆలస్యమైతే అతిథి వీణ్ణి తిడతాడు. వీడు లోపలికి వెళ్లి అడిగితే ఉస్తాద్ తిడతాడు. 'నువ్వెవడివిరా నాకు చెప్పడానికి' అని. ఈ తగువు కూడా కొత్తది కాదు. విలియం ఫుట్ వైట్ అనే పరిశోధకుడు చికాగో రెస్టారెంట్లను చూసి 1948లో పుస్తకం రాశాడు. సర్వర్లు ఏడ్చిన సందర్భాలన్నీ అతను వెతికాడు. కారణం తరచుగా అతిథి ఒక్కడే కాదు. వయసులో, హోదాలో పెద్దవాడైన వంటవాడికి చిన్నమ్మాయి పని చెప్పవలసి రావడం, ఆయన దాన్ని అవమానంగా తీసుకోవడం. దీనికి పరిష్కారం ఉపన్యాసం కాదని వైట్ గమనించాడు. ఆర్డర్ చీటీని ఒక కడ్డీకి గుచ్చే పద్ధతి పెడితే చాలు. చీటీకి వయసు లేదు, హోదా లేదు. వంటవాడు తన వరుసలో తీసుకుని చేస్తాడు. ఇవాళ మన హోటళ్లలో కె.ఓ.టి. అని పిలిచే చీటీ చేసే పని కూడా అదే. మనుషుల వైఖరులు మార్చాలని మనం ఉపన్యాసాలు ఇస్తుంటాం. కొన్నిసార్లు ఒక మేకు, ఒక చీటీ ముక్క ఎక్కువ పనిచేస్తాయి. మా స్టాఫ్ రూములో కూడా ఒక మేకు కొట్టించాలని అప్పుడే అనిపించింది.

జీతం మాట ఏమిటి అంటారా? అది అడగకుండా ఉంటామా! ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో పిట్స్‌బర్గ్ నగరంలోని సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి ఒక సిద్ధాంతం చెప్పాడు. జీతం, పై అధికారి తీరు, పనిచేసే చోటు బాగాలేకపోతే మనిషికి అసంతృప్తి పుడుతుంది. కానీ అవి బాగున్నంత మాత్రాన సంతృప్తి పుట్టదు. అది పుట్టాలంటే చేసిన పనికి గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల కావాలి. మంచి సిద్ధాంతమే. కానీ హెర్జ్‌బర్గ్ అడిగింది కడుపు నిండిన ఉద్యోగులను. ఇంటి అద్దె కట్టలేని సర్వర్ ముందు దీన్ని అప్పజెప్పి, జీతం ముఖ్యం కాదు బాబూ అనడం మాకు ఒప్పుదల లేదు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ప్రవక్త (స) బోధ ముందు వస్తుంది, గుర్తింపు తర్వాత.

మావాడి విషయంలో రెండూ కలిశాయి. నెల జీతం పదిహేనో తారీఖు దాటి వచ్చేది. బ్రేక్ షిఫ్ట్ అని మధ్యాహ్నం భోజనాల వేళ కొన్ని గంటలు, మళ్లీ రాత్రి భోజనాల వేళ కొన్ని గంటలు. నడుమ ఖాళీలో మౌలాలి దాకా వచ్చి వెళ్లలేడు, అక్కడ నడుం వాల్చే చోటు లేదు. రాత్రి పని ముగిసేసరికి ఉప్పల్ వైపు మెట్రో కూడా ఉండదు. పెద్ద హోటళ్లన్నీ నగరానికి పడమర, మనం తూర్పు. మౌలాలి మీదుగా సనత్‌నగర్ వైపు వెళ్లే ఎం.ఎం.టి.ఎస్. మార్గం 2024 మార్చిలో మొదలైంది, సంతోషమే. అర్ధరాత్రి ఇంటికి రావలసినవాడికి అది అక్కరకు రాదు. షేర్ ఆటోలకు జీతంలో ఎంత పోయేదో వాడు లెక్క వేసి చూపించాడు. ఆఖరికి ఒక రోజు అతిథి ముందే సూపర్‌వైజర్ పేరు పెట్టి కాకుండా మతం పెట్టి పిలిచాడు. మర్నాడు వీడు వెళ్లలేదు. నాన్నకు చెప్పలేదు. ఒళ్లు వంగదు అనిపించుకున్నాడు గానీ ఆ మాట మాత్రం బయటపెట్టలేదు.

ఇలాంటివి జరిగినప్పుడు పోయేది ఉద్యోగి ఒక్కడే అనుకునే యజమానులు ఈ పరిశోధన చదవాలి. బెంజమిన్ ష్నైడర్, ఆయన సహచరులు 1980లో అమెరికాలోని బ్యాంకు శాఖల మీద ఒక అధ్యయనం ప్రకటించారు. ఉద్యోగులను వేరుగా, ఖాతాదారులను వేరుగా అడిగారు. మా శాఖలో సేవకు నిజంగా విలువ ఉంది అని ఉద్యోగులు చెప్పిన చోటనే, ఇక్కడ సేవ బాగుంది అని ఖాతాదారులూ చెప్పారు. లోపలి గాలి బయటి గదిలోకి వీస్తుంది. 1994లో హార్వర్డ్ ఆచార్యులు జేమ్స్ హెస్కెట్ బృందం దీన్నే ఒక గొలుసుగా గీసింది. ఉద్యోగి తృప్తి, అతను నిలకడగా ఉండటం, దాని వల్ల సేవ, దాని వల్ల అతిథి మళ్లీ రావడం, దాని వల్ల లాభం. మన దగ్గర గొలుసును చివరి లింకు పట్టుకుని లాగుతారు.

మన పాత ఇరానీ హోటళ్లలో కొన్నిటికి ఈ చదువు లేకుండానే ఈ సంగతి తెలుసు. ఒకే బాహర్‌వాలా ఇరవై ఏళ్లు అదే బల్లల మధ్య తిరిగేవాడు. ఎవరికి చక్కెర తక్కువ, ఎవరికి పౌనా, ఎవరికి ఉస్మానియా బిస్కెట్ అన్నీ నోటికి వచ్చేవి. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2019లో యునెస్కో ఈ నగరాన్ని వంటల సృజన నగరాల జాబితాలో చేర్చింది. ఆ కీర్తిలో వంటకానికి వాటా ఉంది, యజమానికి వాటా ఉంది. రమజాన్ నెలంతా భట్టీ దగ్గర ఘోట్నీ పట్టుకుని మాంసం, గోధుమ నూరేవాడి భుజానికి ఎంత వాటా ఉందో మాకు ఎక్కడా కనబడలేదు. పండగ మర్నాడు అతనికి పని కూడా ఉండదు.

ఆతిథ్యం గురించి మన సంప్రదాయంలో రెండు దృశ్యాలు మాకు చాలా ఇష్టం. ఒకటి ఇబ్రాహీం (అ) కథ. ముక్కూమొహం తెలియనివారు గుమ్మంలోకి వస్తే సలాంకు సలాం చెప్పి, చడీచప్పుడు లేకుండా ఇంట్లోకి వెళ్లి, కాల్చిన దూడ మాంసం తెచ్చి వారి దగ్గరగా పెట్టారు. తింటారా అని ముందు అడిగి మొహమాట పెట్టలేదు, రండి అని వారిని దూరం నడిపించలేదు అని వ్యాఖ్యాతలు మర్యాద పాఠాలు తీశారు. హోటల్ శిక్షణ తరగతుల్లో నెలలు పట్టి నేర్పేవి ఇవే.

రెండోది ఇబ్న్ బతూతా చూసిన అనతోలియా. మొరాకో నుంచి బయలుదేరిన ఈ యాత్రికుడు 1330ల మొదట్లో ఇప్పటి టర్కీలో తిరిగినప్పుడు అఖీలు అనే యువకుల సంఘాలను చూశాడు. పగలు తమ తమ చేతిపనులు చేసుకుంటారు. అస్ర్ తర్వాత ఆనాటి సంపాదన తెచ్చి పెద్ద చేతిలో పెడతారు. ఆ డబ్బుతో పళ్లు, రొట్టెలు కొని ఊరికి వచ్చిన బాటసారికి విందు చేస్తారు. ఎవరూ రాకపోతే తామే కలిసి తింటారు. ఒక ఊళ్లో కొందరు ఎదురొచ్చి గుర్రాల కళ్లేలు పట్టుకుని లాగులాడుకుంటే దొంగలనుకుని ఇబ్న్ బతూతా హడలిపోయాడట. తీరా చూస్తే అవి రెండు అఖీ బృందాలు, అతిథి మాకంటే మాకని పోట్లాట! చివరకు చీట్లు వేసుకుని వంతులు తేల్చుకున్నారు. వాళ్లంతా కష్టపడే కూలీలు, కమ్మరులు, చర్మకారులు. ఆ ఉత్సాహం వాళ్లకు ఎక్కడిది? డబ్బు వాళ్లది, ఇల్లు వాళ్లది, అతిథీ వాళ్లవాడే. మా కుర్రాడి మెట్ల దగ్గర చాయ్‌కీ, హోటల్ చాయ్‌కీ మధ్య తేడా మాకు ఇక్కడ అర్థమైంది. హోటల్లో అతిథి వాడివాడు కాడు. కనీసం ఆ బల్ల నీది, అక్కడి అతిథికి చిన్న పొరపాటు జరిగితే మమ్మల్ని అడక్కుండా నువ్వే సరిదిద్దు అని అధికారం ఇచ్చినా కొంత వాడివాడు అవుతాడు.

ఇంకొక విషయం దాచకుండా చెప్పుకోవాలి. స్టార్ హోటళ్లలో మద్యం వడ్డించవలసి వస్తుంది. తాగడమే కాదు, మోసి అందించడం కూడా మనకు నిషిద్ధమే. నమ్మకం ఒకటి, చేతులు చేసేది ఒకటి అయినప్పుడు మనసు పడే పెనుగులాటను లియోన్ ఫెస్టింగర్ 1957లో వివరించాడు. ఆ ఒత్తిడి భరించలేక మనిషి పని మానేస్తాడు, లేదా నమ్మకాన్ని కొంచెం కొంచెంగా వంచుకుంటాడు. మన పిల్లల్ని ఈ రెండు దారుల మధ్యకు నెట్టకుండా ముందే ఆలోచించాలి. ఆతిథ్య రంగం అంటే బార్ ఒక్కటే కాదు. బేకరీ, హౌస్ కీపింగ్, ఫ్రంట్ ఆఫీస్, ఆసుపత్రుల వంటశాలలు, విద్యార్థి హాస్టళ్లు, రైల్వే క్యాటరింగ్, ట్రావెల్ ఆఫీసులు, హజ్, ఉమ్రా యాత్రల ఏర్పాట్లు ఎన్నో ఉన్నాయి. చేరే రోజునే ఏ విభాగమో అడిగి తెలుసుకోవాలి. జుమా నమాజుకు వీలు, గడ్డం విషయంలో నియమం కూడా అప్పుడే అడగాలి. అడిగితే ఉద్యోగం పోతుందని భయపడి చేరి, రెండు నెలల తర్వాత గొడవపడటం కంటే ఇది మేలు. సందేహం ఉన్న చోట ఆలిములను సంప్రదించండి, మేము ఫత్వా ఇచ్చేవాళ్లం కాము.

ఆడపిల్లల విషయం వేరే వ్యాసం రాయాల్సినంత ఉంది. రాత్రి షిఫ్టు అనగానే తల్లిదండ్రులు తలుపులు మూసేస్తారు. వాళ్ల భయాన్ని మేము తప్పుపట్టం. పగటి షిఫ్టు, రానుపోను వాహనం ఉన్న చోట బేకరీలో, ఫ్రంట్ ఆఫీసులో మన ఆడపిల్లలు బాగా రాణించగలరని మాత్రం తరగతిలో వాళ్లను చూసినవాళ్లుగా చెప్పగలం.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని హోటళ్లలో, ధాబాల్లో, టీ కొట్లలో పెట్టడం 2006 అక్టోబర్ 10 నుంచి నేరం. 'సెలవుల్లో సరదాగా' అన్నా నేరమే. ఇంటర్ తర్వాత ఈ రంగంలోకి రావాలనుకుంటే ఏదో ఒక చోట గ్లాసులు కడగడంతో మొదలుపెట్టనక్కర్లేదు. మనకు దగ్గరలోనే విద్యానగర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ ప్రభుత్వ సంస్థ ఐ.హెచ్.ఎం. ఉంది. దాని డిగ్రీ కోర్సుకు జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష రాయాలి. అంత చదువు కుదరనివారి కోసం కేంద్ర పర్యాటక శాఖ 2009–10లో 'హునర్ సే రోజ్‌గార్ తక్' అనే ఉచిత స్వల్పకాల శిక్షణ పథకం తెచ్చింది. వంట, వడ్డన వంటి పనులు కొన్ని వారాల్లో నేర్పుతారు. ఇప్పుడు ఏయే బ్యాచ్‌లు నడుస్తున్నాయో సంస్థకే వెళ్లి అడగండి. చేరిన చోట ఇ.ఎస్.ఐ. కార్డు అడగండి. నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు అది హక్కు. జీతంలోంచి పోయేది నూటికి ముప్పావు రూపాయి, యజమాని కట్టేది మూడుంపావు. నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. కార్డు లేక ప్రైవేటు నర్సింగ్ హోములో అప్పులపాలైన కుటుంబాలు మా సొసైటీ దగ్గరకు జకాత్ సాయం కోసం వస్తుంటాయి.

ఈ రంగం నిలకడ లేనిదన్న సంగతీ తెలిసి ఉండాలి. 2019లో ప్రపంచంలో సరిహద్దులు దాటిన పర్యాటకుల రాకలు సుమారు 146 కోట్లు. 2020లో కరోనా వచ్చి అవి 40 కోట్ల దగ్గరకు పడిపోయాయి. ఆ ఏడాది మా వీధుల్లో కూరగాయల బండ్లు తోసినవారిలో హోటల్ యూనిఫాం ప్యాంటు వేసుకున్నవాళ్లు కనబడేవారు. చేతిలో ఒక పని కాకుండా రెండు ఉండటం మంచిది.

మా కుర్రాడు ఆ తర్వాత ఆరు నెలలు ఖాళీగా ఉండి, నాచారం వైపు ఒక బేకరీలో చేరాడు. జీతం హోటల్ కంటే కొంచెం తక్కువ. కానీ సైకిల్ మీద వెళ్లి వస్తాడు. ఒకటో తారీఖున జీతం ఇస్తారు. ఓవెన్ బాధ్యత మొత్తం వాడికే వదిలారు. కరకరలాడే బిస్కెట్ దింపే సమయం గడియారం చూడకుండా వాసనతో చెబుతాడని యజమాని మాతో గర్వంగా అన్నారు.

మొన్నటి ఉర్సుకు మళ్లీ మెట్ల దగ్గర కనబడ్డాడు. సెలవు ఎలా దొరికిందిరా అన్నాం. 'అడిగాను సార్, ఇచ్చారు. దానికి బదులు రెండు ఆదివారాలు తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లాలి' అన్నాడు. మా చేతిలో చాయ్ గ్లాసు పెట్టి, పక్కనే డబ్బాలోంచి వాళ్ల బేకరీ బిస్కెట్లు రెండు తీసి ఇచ్చి, పైన ఎవరో ముసలావిడ మెట్టు మీద కూలబడితే నీళ్ల సీసా పట్టుకుని పరుగెత్తాడు.